కరణం కట్ట నుంచి కంప్యూటర్ పట్టా దాకా



పోయిన సమావేశంలో ఒక తమ్ముడు లేచి, "ఇప్పుడు అంతా ఫోన్‌లోనే ఉంది కదా, పట్టా ఫోన్‌లో, ధర ఫోన్‌లో, డబ్బు కూడా ఫోన్‌లోనే. ఇంక పల్లె రైతుల్లో పెద్దవాడు చిన్నవాడు అనే తేడా ఎక్కడుంది?" అన్నాడు. నలుగురూ తల ఊపారు. నాకు మాత్రం ఆ మాట అంత సులభంగా దిగలేదు. రెండు నిమిషాల్లో జవాబు చెప్పే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే. తీరుబడిగా చదవండి.

నేను చెప్పబోయేది ఒకటే. మన ఊళ్ళలో భూమి లెక్క రాసే పద్ధతి మారిన ప్రతిసారీ, ఆ కొత్త లెక్కను చదవగలిగినవాడు ముందుకు పోయాడు, చదవలేనివాడు వెనకబడ్డాడు. కంప్యూటర్ వచ్చి ఈ కథను మొదలుపెట్టలేదు. ఇది 200 ఏళ్ళ కథ, అందులో మన తెలుగువాళ్ళకు పెద్ద పాత్రే ఉంది.

మా హోసూరు, కృష్ణగిరి తట్టు నుంచే మొదలుపెడతాను. 1792లో టిప్పు సుల్తాన్‌తో జరిగిన శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ కంపెనీ చేతికి వచ్చింది. ఇప్పటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలు అందులోవే. మా హోసూరు మాత్రం 1799లో టిప్పు పోయాక చేరింది. బారామహల్‌కు పంపిన అధికారి అలెగ్జాండర్ రీడ్. అతని కింద పని చేసిన సహాయకుల్లో ఒకడు థామస్ మన్రో. పొలం పొలం కొలిచి, రైతు రైతు పేరూ రాసి, నడుమ జమీందారు లేకుండా నేరుగా రైతు చేత శిస్తు కట్టించే పద్ధతిని వాళ్ళు ఇక్కడే చేసి చూశారు. తరువాత మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు, అంటే ఇప్పటి రాయలసీమ, బళ్ళారి ప్రాంతాలకు కలెక్టరుగా ఉన్నాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. రైత్వారీ అని మనం బడిలో చదువుకున్నది ఇదే.

నడుమ ఎవరూ ఉండకూడదన్నది రైత్వారీ ఉద్దేశం. కాని దొర ప్రతి ఊరికీ రాలేడు, రైతు రాసిన లెక్క చదవలేడు. ఇద్దరి నడుమా కరణం మిగిలాడు. ఏ సర్వే నంబరు ఎవరిది, అది పుంజయా నంజయా, ఈ ఏడు పండిందా ఎండిందా, ఎంత శిస్తు, ఎంత వజా, అన్నీ ఆయన చేతి రాతలోనే. ఆ కట్ట ఆయన ఇంట్లో ఉండేది. తండ్రి తరువాత కొడుకు, ఆ కొడుకు తరువాత మనవడు.

దీనివల్ల ఎంత దూరం పోయిందో తెలియాలంటే గుంటూరు చూడాలి. 1830లు, 40లలో గుంటూరు జిల్లాలో శిస్తు వసూలు బాగా దెబ్బతింది. 1832-33 కరువు ఒక కారణం. అది ఒక్కటే కాదు. 1840లలో వాల్టర్ ఎలియట్ అనే అధికారిని విచారణకు పంపితే, ఊళ్ళో కరణాలు, జిల్లా కచేరీలో ఉద్యోగులు కలిసి అసలు లెక్కలను ఎలా దాచిపెట్టారో బయటపడింది. అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రికెన్‌బర్గ్ 1965లో ఈ గుంటూరు కథ మీద పుస్తకమే రాశాడు. పైన ఎవరు ఏలినా, లెక్క ఎవరి దగ్గర ఉందో వాళ్ళదే అసలు ఏలుబడి అని ఆ పుస్తకం చదివితే అర్థమవుతుంది.

మన సంఘంలో కరణాల మనవళ్ళున్నారు, వాళ్ళ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డ రైతుల మనవళ్ళూ ఉన్నారు. ఎవరినీ నొప్పించడానికి ఇది రాయటం లేదు. పంట పోయిన ఏడు రైతు పక్షాన నిలబడి వజా రాయించిన కరణాలను మా అవ్వ దేవుళ్ళలాగా చెప్పేది. మంచివాడా చెడ్డవాడా అన్నది వేరే మాట. ఊళ్ళో ఒక్కడికే చదవటం వస్తే, ఆ ఒక్కడు మంచివాడై ఉండాలని దేవుణ్ణి మొక్కుకోవటం తప్ప మిగిలినవాళ్ళకు వేరే దారి లేదు. అక్కడుంది అసలు చిక్కు.

1980 నవంబరులో తమిళనాడులో ఎం.జి.ఆర్. ప్రభుత్వం వంశపారంపర్యంగా వచ్చిన గ్రామాధికారుల పదవులను ఆర్డినెన్సుతో రద్దు చేసింది. దాదాపు 23,000 పదవులు ఒక్క దెబ్బకు పోయాయి. కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది, 1982లో కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఆంధ్రలో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం 1984 జనవరిలో అదే పని చేసింది. ఇక్కడ మనకు వీఏఓ వచ్చాడు. పరీక్ష రాసి, జీతం తీసుకొని, బదిలీ మీద పోయే ఉద్యోగి. అదే రోజుల్లో యూడీఆర్ పేరుతో పట్టాలన్నీ కొత్తగా రాశారు. అప్పుడు పడిన తప్పులు, తాత పేరు బదులు పక్కవాడి పేరు, రెండెకరాల బదులు ఎకరం ఎనభై సెంట్లు, ఈనాటికీ తాలూకా ఆఫీసుల్లో అర్జీలుగా తిరుగుతూనే ఉన్నాయి. ఆ రోజుల్లో కాగితం చూసి "ఇది తప్పు" అని వెంటనే అడిగినవాడి పట్టా అప్పుడే సరైంది. చదవలేనివాడి తప్పు 40 ఏళ్ళు అలాగే నిలిచింది. కంప్యూటర్ వచ్చినప్పుడు ఆ తప్పునే అచ్చుగుద్ది లోపల పెట్టుకుంది.

ఇక కంప్యూటర్ కథకు వస్తాను. నేను రైల్వేలో గుమాస్తాగా పని చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్పి పొలానికి వస్తాను.

నేను చేరిన కాలంలో రిజర్వేషన్ అంటే పెద్ద పెద్ద రిజిస్టర్లు. ఒక బండికి ఒక రిజిస్టరు, ఒక కౌంటరు. 1980లలో కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చాక ఏ కౌంటర్లోనైనా ఏ బండికైనా టిక్కెట్టు ఇవ్వగలిగాం. గుమాస్తా మొహం తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకే వరస. అది నిజమైన సమానత్వం, నేను కళ్ళారా చూశాను. 2002లో ఇంటర్నెట్ టిక్కెట్టు వచ్చింది. ఇంట్లో కూర్చొని బుక్ చేసుకునేవాళ్ళకు ఎంతో హాయి. కాని తత్కాల్ తెరిచే వేళకు, పొద్దున్నే వచ్చి వరసలో మూడోవాడుగా నిలబడ్డ కూలి మనిషి కౌంటరు దగ్గరికి వచ్చేలోపల సీట్లు అయిపోయేవి. అదే యంత్రం. మొదటిసారి తేడాను తగ్గించింది, రెండోసారి పెంచింది. ఏం మారింది? మొదటిసారి యంత్రం నడపటం వచ్చిన మనిషి కౌంటర్లో కూర్చొని అందరికోసం నడిపాడు. రెండోసారి ఎవడికి వస్తే వాడు తనకోసం నడుపుకున్నాడు.

ఈ రెండు మాటలూ గుర్తు పెట్టుకోండి. ఇక మిగిలిన కథంతా ఇదే.

మా సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ 'భూమి' అనే పథకం కింద 2000 ప్రాంతంలో రాష్ట్రం మొత్తం పహణీలను కంప్యూటర్‌కెక్కించారు. రాజీవ్ చావ్లా అనే ఐ.ఏ.ఎస్. అధికారి దాన్ని నడిపించాడు. దాదాపు 2 కోట్ల రికార్డులు, 67 లక్షల రైతులవి. అంతకు ముందు 9,000 మంది గ్రామ లెక్కాధికారుల చేతిలో ఉన్న పుస్తకాలు తాలూకా కౌంటరుకు వచ్చాయి. అప్పట్లో 15 రూపాయలు కడితే పహణీ చేతికి వచ్చేది. పేరు మార్పిడి అర్జీలను వచ్చిన వరస ప్రకారమే చూడాలి, ముందుదాన్ని దాటేసి వెనకదాన్ని తీయటానికి లేదు. లంచాలు బాగా తగ్గాయని తొలి పరిశీలనలు చెప్పాయి. ఆనేకల్ తట్టు ఉన్న మన చుట్టాలు ఆ రోజుల్లో ఎంత సంతోషపడ్డారో నాకు తెలుసు.

2007లో సోలమన్ బెంజమిన్, అతని తోటి పరిశోధకులు ఇంకో వైపు చూపించారు. బెంగళూరు చుట్టుపక్కల పెద్ద ఎత్తున భూమి కావలసినవాళ్ళకు ఇప్పుడు ఊరూరూ తిరగనక్కరలేదు, లెక్కంతా ఒక్కచోట దొరుకుతుంది. చిన్న రైతుకు పహణీ కాగితం సులభమైంది. పెద్దవాడికి మొత్తం ఊరి బొమ్మే సులభమైంది. కిటికీ అందరికీ ఒకటే, కాని దాంట్లోనుంచి ఎవడు ఎంత దూరం చూడగలడన్నది ఒకటి కాదు.

మా హోసూరులో ఇదే చూస్తున్నాం. కంపెనీలు వచ్చాయి, బెంగళూరు మన వైపు పెరిగింది, రాగి పండిన చేనుకు సెంటు లెక్కన ధర పలుకుతోంది. మా బంధువుల్లో ఒక పెద్దమ్మ ఉంది. రెండెకరాల చేను కూట్టు పట్టాలో ఉంది, భర్త పేరూ మరిది పేరూ కలిపి. భర్త పోయి పన్నెండేళ్ళు, పేరు మార్చుకోలేదు. ఒక రోజు బ్రోకరు వచ్చి కూర్చున్నాడు. సర్వే నంబరు, సబ్ డివిజను, పాత విల్లంగం, దారి ఏ పక్కన ఉంది, అన్నీ అతని ఫోన్‌లో ఉన్నాయి. పెద్దమ్మ చేతిలో పాత శిస్తు రసీదు ఒకటి ఉంది. "ఆమ్మా, నీకన్నా నీ చేను గురించి నాకే ఎక్కువ తెలుసు" అని నవ్వాడంట. అది హాస్యానికి అన్నా నిజమే. బేరంలో ఇద్దరి తెలివీ ఒకటే, ఒకడికి లెక్క కనబడుతోంది, ఇంకొకరికి కనబడటం లేదు. పైగా ఆ పట్టా తమిళంలో ఉంటుంది. ఆమెకు వచ్చింది ఇంట్లో తెలుగు, నోటి తెలుగు. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి చదివి చెప్పాను. అలా చదివి చెప్పే మనిషి లేని ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీరే లెక్క వేసుకోండి.

కొన్నేళ్ళ కింద ఎలా ఉండేదో ఒక లెక్క ఉంది. కేంద్ర ప్రభుత్వపు 2017-18 నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె ఇళ్ళలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం, పట్నాల్లో 42 శాతం. పల్లెల్లో కంప్యూటర్ నడపటం వచ్చినవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరు. ఆ తరువాత ఫోన్లు చాలా పెరిగాయి, నిజమే. ఫోన్ ఉండటం వేరు, ఫోన్‌తో పని చేయించుకోవటం వేరు. సినిమా చూడటానికి, వాట్సాప్‌లో శుభోదయం పంపటానికి పనికొచ్చే చేతులు, ఓటీపీ అనగానే ఇంకొకరి చేతికి ఫోన్ ఇచ్చేస్తాయి.

ఇంక ధరల మాట. ధర తెలిస్తే రైతు బాగుపడతాడా? ఇది జవాబు ఒకటి లేని ప్రశ్న. కేరళ తీరంలో 1997 నుంచి సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు ఏమైందో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త చూశాడు. జాలర్లు సముద్రం మీదనుంచే ఫోన్ చేసి ఏ రేవులో ధర ఉందో అక్కడికి పోయారు. వాళ్ళ లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాడికి చేప 4 శాతం చవకైంది. మధ్యప్రదేశ్‌లో 2000 నుంచి ఐ.టి.సి. కంపెనీ ఈ-చౌపాల్ పేరుతో ఊళ్ళలో కంప్యూటర్లు పెట్టి సోయా ధర చెప్పింది. మండీలో సోయా ధర సగటున 1.7 శాతం పెరిగిందని అపరాజితా గోయల్ లెక్క కట్టింది. మహారాష్ట్రలో మాత్రం 100 ఊళ్ళలో రైతులకు ఎస్సెమ్మెస్‌లో ధరలు పంపి చూస్తే, వాళ్ళు అమ్మిన ధరలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని ఫాఫ్‌షాంప్స్, మింటెన్ అనే ఇద్దరు తేల్చారు.

ఎందుకిలా? రాయకోట టమాటా మార్కెట్‌కు వచ్చే రైతును అడగండి, చెప్తాడు. కోలారులో పెట్టె ధర ఎంతో అతని ఫోన్‌లో కనబడుతుంది. కాని అక్కడికి తోలటానికి బండి కావాలి. విత్తనానికి, మందుకు అడ్వాన్సు ఇచ్చిన మండీ వ్యాపారి ఉంటే సరుకు అక్కడికే వేయాలి. టమాటా రెండు రోజులు ఆగదు. సొంత బండి ఉండి, అప్పు లేని రైతుకు ఆ ధర అక్షరాలా డబ్బు. అప్పులో ఉన్నవాడికి అది కడుపుమంట. అందువల్ల ఫోన్ నేర్పిస్తే చాలు, పేదరికం పోతుంది అని ఎవరైనా చెప్తే నమ్మకండి. దేశంలో కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్ల లోపలివి, తమిళనాడులో సగటు కమతం ముప్పావు హెక్టారు. ఇది 2015-16 వ్యవసాయ గణన లెక్క. ఇంత చిన్న కమతానికి నేర్పు ఒక్కటే రెక్కలు ఇవ్వలేదు. అయితే నేర్పు లేకపోతే ఉన్నది కూడా పోతుంది. నాకు భయం అక్కడే.

ఆ భయానికి కారణం మన రాష్ట్రంలోనే ఉంది. పి.ఎం. కిసాన్ పథకం 2019 ఫిబ్రవరిలో మొదలైంది, ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలుగా. రైతులే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చన్నారు. మంచి ఉద్దేశమే. 2020లో కరోనా కాలంలో తమిళనాడులో ఏమైంది? కడలూరు, విళుపురం, కళ్ళకురిచ్చి వంటి జిల్లాల్లో బ్రోకర్లు, కొన్ని కంప్యూటర్ సెంటర్లు, ఆఫీసు పాస్‌వర్డులు చేతికి చిక్కించుకొని భూమి లేనివాళ్ళను వేల లెక్కన రైతులుగా చేర్చారు. అర్హత లేనివాళ్ళు 5 లక్షలకు పైగా చేరారు, 110 కోట్ల రూపాయలు పక్కదారి పట్టాయి. సి.బి.సి.ఐ.డి. విచారణ జరిగింది. డబ్బు తిరిగి వసూలు చేసినప్పుడు ఎవరి ఖాతా నుంచి తీశారు? "కరోనా డబ్బు వస్తుంది, ఆధార్ ఇవ్వండి" అంటే ఇచ్చిన పేదవాళ్ళ ఖాతాల నుంచి. బ్రోకరు తన కమీషన్ ముందే తీసుకున్నాడు. చూశారా, పాత కరణం కట్ట పోయింది. పాస్‌వర్డు అనే కొత్త కట్ట వచ్చింది.

కౌలు రైతు సంగతి ఇంకా కష్టం. పి.ఎం. కిసాన్ భూమి పేరున ఉన్నవాడికే, దున్నేవాడికి కాదు. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి వచ్చినప్పుడు పాత పహణీలో ఉన్న అనుభవదారు కాలమ్ కనబడకుండా పోయింది. ఎంత ఫోన్ నేర్చుకున్నా, తన పేరు రాసే గడే లేకపోతే ఆ రైతు ఏమి చేస్తాడు? 2025లో ధరణి స్థానంలో భూభారతి తెచ్చారు. నేర్పు సగం, గడి సగం అని నేను అనేది ఇందుకే.

ఇంత దిగులు చెప్పాను, ఒక మంచి కథ కూడా చెప్పాలి. మన యానాం వాళ్ళు గర్వపడవచ్చు, ఎందుకంటే ఇది వాళ్ళ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతపు కథ. 1998లో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు విల్లియనూరు కేంద్రంగా చుట్టుపక్కల ఊళ్ళలో సమాచార కేంద్రాలు పెట్టారు. వీరంపట్టణం అనే జాలరి ఊళ్ళో కేంద్రంలో పని చేసేవాళ్ళు అమెరికా నౌకాదళం ఇంటర్నెట్‌లో పెట్టే అలల ఎత్తు లెక్కను రోజూ దించుకొని, తమిళంలో చేసి, మైకులో చదివేవాళ్ళు. సముద్రంలోకి పోయే ఎవరికీ కంప్యూటర్ రానక్కరలేదు, చెవులుంటే చాలు. 2004 డిసెంబరు 26న నల్లవాడు అనే ఇంకో ఊళ్ళో సింగపూరు నుంచి వచ్చిన ఒక ఫోన్ హెచ్చరికను అదే మైకులో చదివారు. ఊరి జనం వేల మంది సునామీ రాకముందే పైకి వచ్చేశారు.

నేర్పు ఒక్కరిద్దరికే ఉంది, ఫలం మాత్రం ఊరందరిది. పుదుచ్చేరి ఊళ్ళకూ కళ్ళకురిచ్చి బ్రోకర్లకూ తేడా యంత్రంలో లేదు. ఒకచోట తెలిసినవాడు గట్టిగా చదివాడు. ఇంకోచోట తెలిసినవాడు గుట్టుగా చదువుకున్నాడు.

అందువల్ల మన సంఘానికి నా విన్నపం ఇది. ఉగాదికి, త్యాగరాజ ఆరాధనకు మనం చేసే ఖర్చు చేద్దాం, వద్దనను. దాంతోపాటు నెలలో ఒక ఆదివారం రెండు గంటలు సంఘం హాలు తెరుద్దాం. నావంటి రిటైరైన గుమాస్తాలు, బ్యాంకు వాళ్ళు, టీచర్లు ఉన్నారు. కాలేజీ పిల్లలున్నారు. వచ్చిన రైతుకు నాలుగు పనులు చేసి పెడదాం.

ఒకటి, పట్టా, చిట్టా తీసి ఎవరి పేరున ఎంత విస్తీర్ణం ఉందో తెలుగులో గట్టిగా చదివి చెప్పటం. పోయినవాళ్ళ పేరు ఉంటే వారసత్వం అర్జీ ఎలా పెట్టాలో చెప్పటం. ముఖ్యంగా ఆడబిడ్డల పేర్లు విడిచిపోయాయేమో చూడటం. రెండు, విల్లంగం చూసి, తెలియని రిజిస్ట్రేషన్ ఏదైనా పడిందేమో చూడటం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడటానికి రుసుము లేదు. మూడు, ఆధార్‌కు జతైన ఫోన్ నంబరు ఇప్పటికీ వాళ్ళ దగ్గరే ఉందా అని చూడటం. చాలామందికి అది ఎప్పుడో మేనల్లుడు వాడి పారేసిన నంబరై ఉంటుంది. ఇప్పుడు రైతు గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు, దానికి పట్టా, ఆధార్, ఈ నంబరు మూడూ కలవాలి. నాలుగు, చూసినదంతా ఒక నోటుబుక్కులో రాసి వాళ్ళ చేతికే ఇవ్వటం.

దీనికి రెండు కట్టుబాట్లు ఉండాలి. రైతు ఫోన్ రైతు చేతిలోనే ఉండాలి, మనం వేలు చూపించాలి అంతే. ఓటీపీ గాని, పాస్‌వర్డు గాని మనం అడగకూడదు, రాసుకోకూడదు. లేకపోతే మంచి చేయబోయి మనమే కొత్త కరణాలమవుతాం.

మన పెద్దలు ఈ నేలకు వచ్చి 400, 500 ఏళ్ళయిందని చెప్పుకుంటాం. అన్నేళ్ళూ మనల్ని ఇక్కడ నిలబెట్టింది చేను. ఆ చేను లెక్క మన అవ్వలకు, చిన్నాయనలకు చదివి వినిపించటం మన బాధ్యత అని నా అభిప్రాయం.

మీ మీ ఊళ్ళలో, కర్ణాటక వైపు, గంజాం వైపు, షోలాపూరు వైపు, యానాంలో, ఈ కంప్యూటర్ లెక్కలు రైతుకు ఎలా ఉన్నాయో కింద రాయండి. తెలుగు అక్షరాలు రాకపోతే ఏ లిపిలోనైనా సరే, గొంతు రికార్డు చేసి పంపినా సరే. మొదటి ఆదివారానికి నేను వస్తాను. ఇంకా ఎవరెవరు వస్తారో పేర్లు ఇవ్వండి.